దీపం చూడని కంటిపొర

పైడమ్మకు చూపు రెండోసారి పోయింది. మొదటిసారి పోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది. రెండోసారి ఒక్క పూటలో పోయింది.

పలాసలో జీడిపిక్కల బట్టీలో పనిచేసే పైడమ్మకు పెళ్లయిన కొత్తలోనే రేచీకటి మొదలైంది. తర్వాత పక్కచూపు చెరిగిపోతూ వచ్చింది. నలభై ఏళ్లకు ఎడమకన్ను పూర్తిగా పోయి, కుడికంట్లో తాళంకప్ప కన్నంలోంచి చూసినంత లోకం మాత్రం మిగిలింది. విశాఖపట్నంలో ఒక కంటి పరిశోధనశాలలో పనిచేసే డాక్టర్ సుభాషిణి ఆమె ఎడమకంటి అంచునుంచి కంటికి ఆనని ఓ ముక్క తీసింది. దాన్ని గాజుపళ్లెంలో పెంచి వేలిగోరంత పొరగా చేసి, తిరిగి అదే కంట్లో అతికించింది. కంటిపొర అని దానికి పేరు పెట్టుకుంది. మనిషి కంట్లోకి వెళ్లిన అలాంటి పొర అదే మొదటిది.

కట్టు విప్పిన రోజున పైడమ్మ తల తిప్పకుండానే గదిలో ఉన్న నలుగురినీ ఒకేసారి చూసి, ఎంతసేపో అలాగే కూర్చుంది. పందొమ్మిది రోజులు చూసింది. పందొమ్మిదో సాయంత్రం అన్నం తింటుంటే కంచం చెరిగిపోయి, మళ్లీ కుడికంటి కన్నమే మిగిలింది.

ల్యాబులో పళ్లేల్లో పెంచిన పొరలదీ అదే వరస. తయారైన రోజున పెద్ద దీపం కింద పెట్టి మేలుకొలిపేవారు. పొర చక్కగా మేలుకునేది, వెలుతురు పడినప్పుడల్లా సంకేతం పంపేది. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు రోజుల మధ్య ఎప్పుడో మాడిన ఆకులా ముడుచుకుపోయేది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. పైగా పొరకు విత్తనంలాంటి ఆ ముక్కను ఒక్కో కంటినుంచి ఒక్కసారే తీయగలరు. రెండోసారి తీస్తే ఆ అంచు చిరిగిపోతుంది.

ఆ జబ్బు సుభాషిణికి కొత్త కాదు. దాని కోసమే ఆమె ఆ చదువు చదివింది. అన్నయ్య సన్యాసిరావుకి అదే జబ్బు. ఆటోనగర్లో లేత్ మిషను మీద ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు చూపు సన్నబడిపోయి, చేతివేళ్లతోనూ మిషను చప్పుడుతోనూ కొలతలు పోల్చుకుంటున్నాడు. ఎడమకంటినుంచి తీసిన విత్తనం ఆర్నెల్ల కిందట పళ్లెంలోనే పాడైంది. కుడికంటిది మాత్రం పొరగా ఎదిగింది. నెలలో సిద్ధమవుతుంది. పైడమ్మ తర్వాత రెండో పొర అతని కంట్లోకే అని పరిశోధనశాల కమిటీ ఒప్పుకుంది.

ఆదివారం అన్నయ్య ఇంటికెళ్లి ఆ మాట చెప్పింది సుభాషిణి. వదిన వరహాలు పట్టరాని సంతోషంతో లోపలికెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. సన్యాసిరావు మాత్రం ముందు భోజనం ముగించాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, ఆ పొర తనకి కంట్లో వద్దని చెప్పాడు.

"పందొమ్మిది రోజులకి నాకొద్దు, సుభా. అది నా టెలిస్కోపుకి పెట్టు."

వేళాకోళం అనుకుంది సుభాషిణి. అతను పలాస వెళ్లొచ్చాడని అప్పుడు తెలిసింది. పైడమ్మ ఇంట్లో ఒక పూట కూర్చున్నాడట. మొదటిసారి మెల్లిగా పోయింది కాబట్టి అలవాటు పడ్డానని, ఈసారి మాత్రం ఇంట్లో గుమ్మం ఎక్కడుందో కూడా మర్చిపోయానని ఆవిడ చెప్పిందట. కూతురి ముఖం నిండుగా చూశాక ఇప్పుడు ఆ నిండుముఖం గుర్తుకు రావడంలేదని ఏడ్చిందట.

"నాకు ఈ కన్నంలోంచి చూడ్డం అలవాటైపోయింది. ఇంకో నాలుగైదేళ్లు ఉంటుందన్నావు. అది చాలు. ఆ పని ఒక్కటే మిగిలిపోయింది."

ఏ పనో ఇంట్లో అందరికీ తెలుసు. చూపు బాగున్న రోజుల్లో సన్యాసిరావు ఎనిమిది అంగుళాల అద్దం తనే అరగదీసుకుని టెలిస్కోపు చేసుకున్నాడు. అది ఆకాశంతో పాటు తిరగడానికి కావలసిన పళ్లచక్రాలు కూడా లేత్ మీద తనే కోసుకున్నాడు. ఏడేళ్ల కిందట మిథునరాశిలో తీసిన ఫోటోల్లో ఒకచోట మరక కనిపించింది. అద్దం మీది దుమ్మేమో అనుకుని కడిగి మళ్లీ తీశాడు. మరక అక్కడే ఉంది. దాని నడుమ చిన్న తెల్లటి నక్షత్రం. అది గ్రహ నీహారిక అని అతని నమ్మకం. దానికీ గ్రహాలకీ చుట్టరికం లేదు. పూర్వం చిన్న దుర్భిణుల్లో గుండ్రంగా కనిపించాయని అలా పిలిచారంతే. ముసలిదైపోయిన నక్షత్రం తన పైపొరల్ని ఊదేసుకుంటుంది. ఆ వాయువు చుట్టూ పరుచుకుని కొన్ని వేల ఏళ్లపాటు నీలంకలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది. తర్వాత అదీ ఆరిపోతుంది. ఈ మిథునంలోది ఎంత మసకంటే, తన కెమెరాతో ముప్పై ఎనిమిది గంటలు తీసినా మరక మరకగానే మిగిలింది. ఇలాంటి ఫోటోలు పరిశీలించే విదేశీ ఖగోళ సంఘంవాళ్లు, ఆకారం తేలితే తప్ప నీహారికల పట్టికలో చేర్చలేమని రెండుసార్లు జవాబు రాశారు.

"నువ్వే కదా చెప్పావు," అన్నాడు సన్యాసిరావు. "చీకట్లో చూసే కణాలకి అన్నిటికంటే బాగా ఆనేది ఆ పచ్చరంగేనని. నా నీహారికదీ అదే రంగు. అంతకంటే మంచి కెమెరా ఎక్కడ దొరుకుతుంది?"

వరహాలు అక్కడే నిలబడి విన్నది. కేకలు వేయలేదు. పందొమ్మిది రోజులైనా తన ముఖం నిండుగా చూడాలని అతనికి లేదా అని మాత్రం అడిగింది. సన్యాసిరావు తల దించుకున్నాడు. చూశాక మళ్లీ పోతే ఆ ఇంట్లో ఎలా తిరగాలో తనకి తెలియదన్నాడు. ఆవిడ ఆ రోజు ఆడపడుచుతో ఇంకేమీ మాట్లాడలేదు.

సుభాషిణి వారం రోజులు అన్నయ్యకు నచ్చజెప్పింది. అతను కదల్లేదు. చివరికి ల్యాబు పెద్ద డాక్టర్ కృపామణి దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. ఆవిడ అంతా విని, పొర అతి మసక వెలుతురును ఎంతవరకు పట్టగలదో పరీక్షించాలని తామూ అనుకుంటున్నామని, ఆ లెక్కన బయటికి ఇవ్వవచ్చని చెప్పింది. కానీ ఒకసారి ల్యాబు దాటితే దాన్ని ఇక ఏ మనిషి కంట్లోనూ పెట్టడానికి వీల్లేదు. అతనికి ఇంకో విత్తనం కూడా లేదు. ఆ మాటలన్నీ కాగితం మీద రాయించి చదివి వినిపించింది. సన్యాసిరావు కాగితాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, సంతకం చెయ్యాల్సిన గీత కోసం వేలితో వెతుక్కున్నాడు. దొరక్కపోతే సుభాషిణే అతని వేలు పట్టుకుని అక్కడ పెట్టింది. ఇంటికెళ్లాక ఆ చేత్తో అన్నం కలపబుద్ధి కాలేదు ఆమెకు.

అనంతగిరి దగ్గర కొండమీద దాసు అనే కాఫీ రైతు తన గింజలు ఆరబోసే సిమెంటు కళ్లం ఏటా సన్యాసిరావుకి ఇస్తాడు. పక్కనే గోదాము గది. అక్కడ మూడువారాలు ఉండేలా సామాను చేర్చారు. మామూలు కెమెరాకి చలి మంచిది. ఇది ప్రాణమున్న పొర, దీనికి ఒంటివేడి కావాలి. సన్యాసిరావు లేత్ మీద ఇత్తడితో రెండు గోడల గిన్నె చేశాడు. ఆ గోడల మధ్యన గోరువెచ్చని నీళ్లు పారతాయి, లోపల పొర ఉంటుంది; గిన్నెను టెలిస్కోపుకి కెమెరా స్థానంలో బిగించారు. పొర కిందనున్న సన్నటి తీగల వల ఏ కణం ఏ క్షణంలో స్పందించిందో లాప్‌టాపుకి చెబుతుంది. పోషకద్రవం బొట్టుబొట్టుగా పడేందుకు సెలైన్ గొట్టం కట్టారు.

బయలుదేరే ముందు రోజు పొర సిద్ధమైంది. అలవాటు ప్రకారం సుభాషిణి దాన్ని పెద్ద దీపం కిందకి తీసుకుపోబోతుంటే సన్యాసిరావు వద్దన్నాడు.

"రాత్రంతా మసక వెలుగు పట్టాల్సిన దాని ముందు ఎవరైనా ఫ్లాష్ కొడతారా? ఆ మెరుపు నాలుగు రోజులు దానిలోనే ఉండిపోతుంది. వద్దు."

దీపం పెట్టకపోతే మేలుకుంటుందో లేదో తెలియదని ఆమె చెప్పింది. అయినా ఎలాగూ మూడువారాల్లో చచ్చేదే కదా అనుకుని మూత పెట్టేసింది.

వరహాలు తానూ వస్తానంది. వద్దంటే, నీళ్లు కాచేది ఎవరని ఎదురు ప్రశ్న వేసి, ఒక స్టవ్వు, రెండు ఫ్లాస్కులు సంచిలో పెట్టుకుని జీపు ఎక్కింది. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూసింది.

మొదటి రెండు రాత్రులు లాప్‌టాప్ తెర మీద ఏమీ రాలేదు. మూడో రాత్రి అక్కడొకటి ఇక్కడొకటి చుక్కలు పడటం మొదలైంది. చినుకులు పడేముందు నేలమీద ఒక్కో బొట్టు పడినట్టుంది. ఒక్కో చుక్కా ఎన్నో వేల ఏళ్ల కిందట ఆ నక్షత్రం దగ్గర బయలుదేరిన ఒక్క కాంతిరేణువు. గంట గడిచేసరికి ఆ చుక్కలు తెర మధ్యన కంటే అంచువైపు ఎక్కువ పడుతున్నాయని సుభాషిణికే అర్థమైంది. అన్నయ్యకి చెప్పింది. అతను ఎంత ఎక్కువ అని అడిగి, లెక్కపెట్టమన్నాడు.

రాత్రుళ్లు చుక్కలు పోగయ్యాయి. పగలు పొరకు మూతవేసి నల్లగుడ్డ చుట్టేవారు. రెండు గంటలకోసారి వరహాలు నీళ్లు మార్చేది. పున్నమి దగ్గర నాలుగు రాత్రులు వెన్నెల పడుతుందని మూత తియ్యనేలేదు. సెలవు అయిపోయి సుభాషిణి విశాఖ వెళ్లింది. అక్కడ ఇంకో రెండు పళ్లేల్లో పొరలు ముడుచుకుపోవడం చూసి రాసుకుంది. పైడమ్మ ఫోను చేస్తుందేమోనని, చేయదేమోనని రెంటికీ భయపడింది.

ఇరవై మూడో రోజున చిన్న గాజుసీసాలో మందుద్రావణం పోసుకుని కొండమీదికి వచ్చింది. చచ్చిన పొరను అందులో పెట్టి కోసి చూడాలి. గోదాము గదిలో గిన్నె మూత తీసి, మసక ఎర్రదీపం వెలుతురులో భూతద్దంతో చూసింది. పొర సాపుగా ఉంది. అంచులు ఎక్కడా ముడుచుకోలేదు. తీగల వల నుంచి వచ్చే సంకేతం ఆ మూడో రాత్రికంటే చురుగ్గా ఉంది. నమ్మలేక రోజులు మళ్లీ లెక్కపెట్టింది. ఫోను అందేచోటు వెతుక్కుంటూ కాఫీ తోటలోకి వెళ్లి కృపామణికి ఫోను చేసింది. ఆవిడ ఒక్కటే అడిగింది.

"మిగతా పొరలకి చేసి, దీనికి చెయ్యనిది ఏది?"

సుభాషిణి దగ్గర జవాబు ఉంది. దీపం. ఆ పెద్ద దీపం. అప్పుడే పుట్టిన కణాలకు చూపు నేర్పడానికని తన చేత్తో తనే వెలిగించిన దీపం. దానికి అవి మేలుకోలేదు, కాలిపోవడం మొదలుపెట్టాయి. ప్రాణం పోవడానికి మూడువారాలు పట్టిందంతే. వాటికి కావలసింది చీకటి, ఆ చీకట్లో ఒక్కొక్కటిగా పడే వెలుతురు బొట్లు.

పైడమ్మ కంటికి కట్టు విప్పిన గంటలోపే తను అదే దీపం చూపించింది. ఇక అన్నయ్య పొర ఇంకా బతికే ఉంది, కానీ ల్యాబు దాటింది కాబట్టి ఏ కంటికీ పనికిరాదు.

కళ్లంలోకి తిరిగొచ్చి, ఎండలో కూర్చున్న అన్నకీ వదినకీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సన్యాసిరావు చెయ్యెత్తి కుడికన్ను నులుముకున్నాడు.

"నా కంట్లో పెట్టుంటే దీపం చూపించేదానివే కదా," అన్నాడు.

"చూపించేదాన్నే."

"అయితే అక్కడా చచ్చేదే. నీకూ తెలిసేది కాదు." కళ్లం సిమెంటు అంచును వేళ్లతో తడిమాడు. "బాధ లేదని అనను, సుభా. ఉంది. కానీ తప్పు చేశామని మాత్రం అనుకోను."

వరహాలు లేచి గోదాములోకి వెళ్లింది. ఏడవడానికి వెళ్లిందనుకుంది సుభాషిణి. వెనకే వెళ్లి చూస్తే ఆవిడ స్టవ్వు వెలిగించి నీళ్లగిన్నె పెడుతోంది. అది బతికినన్నాళ్లు నీళ్లు చల్లారనివ్వనని చెప్పి, కొంగుతో ముఖం తుడుచుకుని ఫ్లాస్కు అందుకుంది. ఆ రోజునుంచి ఆవిడ ఆడపడుచుతో మామూలుగా మాట్లాడింది.

పొర అరవై ఒక్క రోజులు బతికింది. కొండమీద చలి తగ్గి మబ్బులు కమ్మడంతో కిందికి తీసుకొచ్చారు. ఎందుకు బతికిందో తెలుసుకోవడానికి ల్యాబులో దాన్ని నిలువుగా కోసి చూసేవరకు అది సంకేతాలు పంపుతూనే ఉంది. అప్పటికి తెరమీద ఉంగరం తేలింది. నీలిపచ్చ ఉంగరం, నడుమ తెల్లచుక్క. సన్యాసిరావు కుడికన్ను తెరకు ఆనించి ఒక్కో మూలే జరుపుకుంటూ ఆ ఉంగరం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. పూర్తయ్యేసరికి పావుగంట పట్టింది. పక్కన కూర్చున్న వరహాలు, చూశావా అని అడిగితే చూశానన్నాడు. విదేశీ సంఘంవాళ్లు ఈసారి పట్టికలో చేర్చారు. దాని నెంబరు పక్కన అతని పేరు రాశారు.

తర్వాత పదిహేను నెలలు సుభాషిణికి ఊపిరాడలేదు. నలభై పొరలు పెంచింది. సగం దీపం కింద, సగం చీకట్లో. చీకట్లోవాటి మీద రాత్రివేళ మాత్రం నీలిపచ్చ వెలుతురు చుక్కచుక్కగా పడేలా ఏర్పాటు చేసింది. దీపం కిందవి ఒక్కటీ మిగల్లేదు. చీకట్లోవాటిలో పద్దెనిమిది బతికాయి. ఏడాది దాటినా బతికే ఉన్నాయి.

అప్పుడు పలాస వెళ్లింది. జీడిపప్పు పొట్టు తీస్తున్న పైడమ్మ చేతులు ఆపకుండానే విన్నది. దీపం సంగతి సుభాషిణి దాచలేదు. తప్పు తనదేనని చెప్పింది. పైడమ్మ చేతులు అప్పుడు ఆగాయి.

"మీకు తెలిసి సెయ్యలేదు కదమ్మా," అంది. "ఈసారి ఎన్నాళ్లుంటాది?"

"తెలీదమ్మా. ల్యాబులో ఏడాది దాటింది. కంట్లో ఎంతో నేను చెప్పలేను. ఇంకో మాట. ఎడమకంటినుంచి మళ్లీ తియ్యలేం, ఈసారి కుడికంటికి చెయ్యాలి. తేడా వస్తే ఇప్పుడున్న కాస్త చూపు కూడా పోవచ్చు."

పైడమ్మ కూతుర్ని అడగాలంది. నెల తర్వాత ఫోను చేసి, తన కూతురికి ఏడో నెలని, పుట్టబోయే బిడ్డని ఆ కన్నంలోంచి ముక్కలుముక్కలుగా చూడటం ఇష్టం లేదని చెప్పింది. అందుకని వస్తానంది.

విత్తనం తీసిన గాయం ఆరడానికి, పొర పెరగడానికి ఎనిమిది నెలలు పట్టింది. కంట్లో పెట్టాక ఆరువారాలపాటు పైడమ్మ చీకటిగదిలోనే కట్టు కట్టుకుని కూర్చుంది. రాత్రిపూట సుభాషిణి తనే కట్టు విప్పి మసక వెలుతురు చూపించేది. పందొమ్మిదో రాత్రి కట్టు రెండుసార్లు విప్పి చూసింది. ఇరవయ్యో రాత్రి కట్టు విప్పాక పైడమ్మ తలుపు సందులోంచి వస్తున్న గీతంత వెలుతురును చూపించి, నిన్న రాత్రికంటే బాగా ఆనుతోందని చెప్పింది. ఇంటికెళ్లాక పగలు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, అప్పటికి పాకుతున్న మనవరాలి వెనక తిరిగింది. ఏడాది గడిచింది. పొర బతికే ఉంది.

ఆ జనవరిలో పైడమ్మ కొండమీదికి వచ్చింది. తన కంటికి కారణమైన టెలిస్కోపు చూడాలని తనే అడిగింది. సన్యాసిరావు చూపు అప్పటికి ఇంకా సన్నబడింది. చర్మంలోని కణాలనుంచి కంటి విత్తనం చెయ్యాలని సుభాషిణి ల్యాబులో కొత్తగా పని మొదలైంది. రెండేళ్లో అయిదేళ్లో ఎవరూ చెప్పలేరు. అతను తొందరపెట్టటంలేదు.

చీకటి పడ్డాక అన్ని దీపాలూ ఆర్పేశారు. సన్యాసిరావు వేళ్లతో చక్రాలు తడుముకుంటూ టెలిస్కోపును మిథునంవైపు తిప్పి, కెమెరా తీసేసి, కంటితో చూసే కటకం బిగించాడు. మామూలు కంటికి అక్కడ ఏమీ కనపడదని ముందే చెప్పాడు. సుభాషిణి చూసింది. నక్షత్రాలు తప్ప ఇంకేమీ లేవు. పైడమ్మ నల్లకళ్లద్దాలు తీసి వంగింది. చాలాసేపు కదల్లేదు.

"ఉన్నాది బాబూ," అంది మెల్లిగా. "పొగలాగ గుండ్రంగా. మధ్యన చుక్క."

సన్యాసిరావు అరచేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ నీహారికను ఇంతవరకు ఏ మనిషీ నేరుగా కంటితో చూడలేదని సుభాషిణి ఆవిడకు చెప్పింది. పైడమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఇంకా చూస్తూనే ఉంది.

"గుండ్రం కాదు. ఒక పక్క తెగిపోనాది. ఆ తెగినకాడనించి పొగ బయటికి పోతంది, తోకలాగ. అది ఇందులోంచి బయటికి పోయింది, నాకు చివర ఆనటంలేదు."

అతని ఫోటోలో తోక లేదు. అన్ని రాత్రులు తీసినా రాలేదు. అంత మసకది అది. సన్యాసిరావు చప్పున టెలిస్కోపు పక్కకొచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు.

"ఎటువైపు పోతోంది?"

పైడమ్మ కన్ను తీయకుండానే చెయ్యి చాచి అతని చెయ్యి పట్టుకుని ఎటు తిప్పాలో ఆ వైపుకు నొక్కింది. అతను అరచుట్టు తిప్పి ఆగాడు. వెనక చీకట్లో వరహాలు ఆ మాటలు రాసుకోవడానికి కొత్త కాగితం తీసి, పెన్ను పట్టుకుని కూర్చుంది.

"వచ్చిందా?" అని అడిగాడు సన్యాసిరావు.

"ఇంకా ఉన్నాది," అంది పైడమ్మ. "తిప్పు బాబూ, ఇంకా పోతంది."